గుమ్మం ముందు హేమ్లి చెప్పులు

“నువ్వు చూసింది హేమ్లినా, హేమ్లి చెప్పులనా?”

ఉషారాణి ఆ మాట అడిగేసరికి, ఉడకబెట్టిన పల్లీలు పొట్లాలు కడుతున్న ద్వాలి చెయ్యి ఆగిపోయింది. అప్పటిదాకా ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మంగళవారం పొద్దున హేమ్లి ఎదురుగా ఉన్న వీరన్న నెట్ సెంటరుకు వచ్చిందట. సాయంత్రం ఐదింటిదాకా లోపలే పని చేసుకుందట. ఆ తర్వాత వెళ్లిపోయిందట. పోలీసులకూ అదే చెప్పింది, వాళ్లు రాసుకున్నదాని కింద వేలిముద్ర కూడా వేసింది. ఇప్పుడు ఖమ్మం నుంచి ఎవరో కళ్లజోడు మేడం దిగి, మనిషి వేరు, చెప్పులు వేరు అంటుంటే ఆమె చేతిలోని పొట్లం పక్కన పెట్టేసింది.

“చెప్పులే చూసిన అమ్మా,” అంది చివరికి. “చెప్పులు గుమ్మం ముంగట ఉంటే పిల్ల లోపల ఉన్నట్టే గదా. ఐదింటికి చూస్తే లేవు. పోయింది అనుకున్న.”

“పోతుంటే చూసినవా?”

“లే. బస్సు వచ్చింది, గిరాకి ఉండె.”

ఇందులో ద్వాలిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. గుండ్లవాగులో ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. కంప్యూటర్లకు దుమ్ము పడదని వీరన్న ఎంతటివాడు వచ్చినా చెప్పులు బయటే విప్పిస్తాడు. అందుకని లోపల ఎవరున్నారో తెలుసుకోవడానికి ఆ సందులో వాళ్లకు తలుపు తోసి చూడాల్సిన పనే లేదు, గుమ్మం ముందున్న వరస చూస్తే చాలు. తపాలా ఆయన కూడా చెప్పుల్ని చూసే పేరు పెట్టి కేక వేస్తాడు. చిక్కల్లా ఏమిటంటే, ఊరివాళ్లు అనుకున్నదాన్ని పోలీసులు కళ్లారా చూసినట్టు రాసేసుకున్నారు. ఆ రాత మీద ఒక కుర్రవాడి ప్రాణం ఆధారపడి ఉంది.

ఆ కుర్రవాడు తుల్సీరాం. హేమ్లికి మేనబావ, కాబోయే మొగుడు, తండా బడిలో విద్యా వాలంటీరు. మంగళవారం సాయంత్రం ఐదున్నరకు అతను మోటారు సైకిలు వెనక ఏదో మూట కట్టుకుని అడవి రోడ్డున పోతుంటే ఇద్దరు చూశారు. మూటలో ఉన్నది బడి పిల్లల మధ్యాహ్న భోజనం బియ్యమని అతను మొత్తుకుంటున్నాడు. వినే నాథుడు లేడు. పెళ్లయ్యాక పని మానెయ్యమని అతను పోరాడు, ఆమె మాననంది, ఐదింటికి నెట్ సెంటరు నుంచి వస్తున్నదాన్ని అడవిలోకి తీసుకుపోయి చంపేశాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ భాస్కర్ కట్టిన కథ ఇదీ. శవం మాత్రం దొరకలేదు. ఎక్కడ దాచాడో తుల్సీరామే చూపిస్తాడని, ఈ సాయంత్రం పొద్దుగూకే ముందు అతన్ని అడవిలోకి తీసుకుపోతున్నామని స్టేషన్లో చెప్పారు.

సంకెళ్లతో అడవిలోకి పోయినవాళ్లు పారిపోబోయి కాల్పుల్లో చచ్చిపోయినట్టు ఉషారాణి పేపర్లో చాలాసార్లు చదివింది. హేమ్లి తల్లి సోమ్లికి చదవడం రాదు, అయినా ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే నిన్న పొద్దున ఖమ్మం బస్సెక్కి వచ్చి ఉషారాణి ఇంటి మెట్ల మీద కూర్చుంది. నా బిడ్డ ఉందో లేదో తెల్వదమ్మా, ఆ పిల్లగాణ్ణి మాత్రం ఆపు అంది. లేవమంటే లేవలేదు, టీ ఇస్తే తాగలేదు.

ఉషారాణి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఇరవై ఏళ్లకు పైగా ఆపరేటరుగా చేసి, ముందుగానే రిటైరై, పెళ్లి సంబంధాల వాకబుల కోసం ఒక డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. హంతకుల జోలికి పోవడం ఆమెకు అలవాటు లేదు, ఇష్టమూ లేదు. కానీ తల్లి తన కూతుర్ని వదిలేసి పరాయి తల్లి కొడుకు కోసం మెట్ల మీద కూర్చుంటే కాదనడం ఆమె వల్ల కాలేదు. బస్సు దిగినప్పటి నుంచి ఆమెకు ఒళ్లు మండుతూనే ఉంది. ఇప్పుడు ద్వాలి మాట విన్నాక ఆ మంట నెత్తికెక్కింది. తన చెప్పులు కూడా గుమ్మం ముందు విప్పి నెట్ సెంటర్లోకి నడిచింది.

నెట్ సెంటరంటే పెద్ద హంగేమీ కాదు. ముందు టీ కౌంటరు, దాని పక్కన ఒక బెంచీ, వెనక ప్లైవుడ్ అడ్డాలు కట్టిన నాలుగు కంప్యూటర్లు. ఊళ్లో సెల్‌ఫోనుకు సిగ్నలు నిలకడగా అందేది ఆ బెంచీ మీద మాత్రమే, అందుకని ఫోను మాట్లాడాలనుకున్న ప్రతివాడూ ఒక టీ చెప్పి అక్కడ చేరతాడు. మిగతా వేళల్లో అక్కడ ఈగ వాలిన చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆ నిశ్శబ్దం హేమ్లి కోసమే. ఆమె పని అలాంటిది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసిన మాటలు హైదరాబాదులో ఒక కంపెనీకి వస్తాయి, కంపెనీ వాటిని నెట్లో హేమ్లికి పంపుతుంది. ఆమె హెడ్‌ఫోను పెట్టుకుని విని, విన్నది విన్నట్టు టైపు చేసి తిప్పి పంపుతుంది. తండాలో ఫోను లైను లేదు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు. అందుకని వీరన్న దగ్గర మూల కంప్యూటరును నెల కిరాయికి మాట్లాడుకుంది. ఆమె చేరిన నాటి నుంచి వీరన్న కౌంటరు మీది రేడియో కట్టిపెట్టాడు.

అంత ప్రేమగా చూసుకున్నవాడు ఇప్పుడు ఆమె పేరెత్తితే తుడిచిన గ్లాసునే మళ్లీ తుడుస్తున్నాడు. ఐదింటిదాకా పని చేసింది, పోయింది, అంతకు మించి తనకు తెలియదంటున్నాడు.

“హైదరాబాదుల ఆమె సూపర్‌వైజరు ప్రమీలతోని పొద్దున మాట్లాడిన,” అంది ఉషారాణి. “హేమ్లి ఆఖరి ఫైలు పంపింది పన్నెండున్నరకు. తర్వాతది సగం కొట్టి వదిలేసింది. మరి ఐదింటిదాకా లోపల కూసోని ఏం చేసింది వీరన్నా?”

వీరన్న నీళ్లు నమిలాడు. నెట్టు సరిగా లేకుండెనేమో అన్నాడు. మిగతా మూడు మిషన్లు నడిచాయా అంటే నడిచాయన్నాడు. పోనీ ఆమెకు ఒంట్లో బాగాలేదేమో అన్నాడు. బాగా లేకపోతే టీ అయినా అడిగి ఉంటుంది, ఇచ్చావా అంటే ఇవ్వలేదన్నాడు. ఉషారాణి ఒక్కో ప్రశ్న వేస్తుంటే అతను ఒక్కో అబద్ధం చెప్పి దాన్ని తనే వెనక్కి తీసుకుంటున్నాడు. అబద్ధమాడటం చేతకాని మనిషిని ఎవరో అబద్ధానికి కూర్చోబెట్టారని ఆమెకు తెలిసిపోతూనే ఉంది.

“అన్నం యాడ తింటది?”

“ఈడ్నే. తిన్నంక వెనక నల్లా కాడ డబ్బా కడుక్కుంటది.”

“మంగళవారం కడుక్కుందా?”

వీరన్న మళ్లీ గ్లాసు అందుకున్నాడు. ఉషారాణి అడగకుండానే వెనక తలుపు గడియ తీసింది.

వెనకాల చిన్న పెరడు. మోకాలెత్తు నల్లా, దాని చుట్టూ ఏపుగా పెరిగిన చేమ మొక్కలు, అవతల వెదురు దడి, దడికి ఆవల అడవిలోకి పోయే బండ్ల బాట. ఉషారాణి చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని మోకాళ్ల మీద కూర్చుంది. చేమాకులు ఒక్కొక్కటి పక్కకు తీస్తూ పోయింది. మూడో మొక్క మొదట్లో స్టీలు మూత ఒకటి బోర్లా పడి ఉంది. తిరగేసి చూస్తే లోపల బూడిద, కొబ్బరి పీచు అంటుకుని ఎండిపోయి ఉన్నాయి. అంచు మీద చుక్కలు చుక్కలుగా చెక్కించిన పేరు కనిపించింది. సోమ్లి.

తల్లి డబ్బా మూత అది. తోముతూ తోముతూ మధ్యలో వదిలేసింది. అలిగి వెళ్లిపోయే పిల్లయినా, లేచిపోయే పిల్లయినా ఇంటి గిన్నెను బూడిదతో మట్టిలో పారేసి పోదు. ఉషారాణి లేచి దడి దగ్గరికి వెళ్లింది. ఒకచోట నాలుగు వెదురు బద్దలు విరిగి బయటివైపుకు వాలి ఉన్నాయి. ఆవలి బాట మీద ఎద్దుల బండి గాడి కాకుండా వెడల్పాటి టైర్ల గుర్తులు ఆగి, వెనక్కి తిరిగి, మళ్లీ అడవి వైపుకే పోయాయి.

ఆమెకు ఇప్పుడు అంతా వరసలో కనిపించింది. మధ్యాహ్నం ఒంటిగంటకు కాస్త అటూ ఇటూ, హేమ్లి డబ్బా కడగడానికి వట్టి కాళ్లతో నల్లా దగ్గరికి వచ్చింది. ఇక్కణ్నుంచే ఎత్తుకుపోయారు. చెప్పులు మాత్రం గుమ్మం ముందే ఉండిపోయాయి, ఊరంతా ఆమె లోపలే ఉందనుకుంది. ఐదింటికి ఎవరో వాటిని తీసేస్తే, ఆమె పోయిందనుకుంది. ఆ ఒంటిగంటకు తుల్సీరాం తండా బడిలో నలభై మంది పిల్లల ముందు పాఠం చెబుతున్నాడు. నాలుగున్నరదాకా అక్కణ్నుంచి కదలలేదు.

ఆమె లోపలికొచ్చి మూతను కౌంటరు మీద పెట్టింది.

“ఐదింటికి చెప్పులు తీసింది నువ్వే,” అంది.

వీరన్న ఆ మూతను చూసి గోడకు ఆనుకున్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. “నాకిద్దరు ఆడపిల్లలు మేడం,” అన్నాడు. ఇంకేదో చెప్పబోయి, ఆమె భుజం మీదుగా రోడ్డు వైపు చూసి నోరు మూసుకున్నాడు. బయట జీపు ఆగింది.

భాస్కర్ బూట్లతోనే లోపలికి వచ్చాడు. వీరన్న ఏమీ అనలేదు. నలభై దాటిన మనిషి, నున్నగా గీసుకున్న గడ్డం, ఎప్పుడూ పెదవి చివర ఒక నవ్వు. రెండేళ్ల కిందట పెళ్లిపీటల మీది నుంచి మాయమైన ఒక పెళ్లికొడుకు కేసులో ఉషారాణి అతని లెక్కంతా తప్పని తేల్చింది. అప్పుడే అతన్ని ఈ అడవి అంచుకు బదిలీ చేశారు. దాన్ని అతను మరిచిపోలేదు.

“ఉషమ్మ గారూ, గుండ్లవాగుల పెండ్లి సంబంధాలు ఏమున్నయని వచ్చిర్రు?”

“ఉన్న సంబంధం చెడకుండా చూద్దామని వచ్చిన, సీఐ గారూ. పిల్లగాడు మీ లాకప్‌ల ఉన్నడు.”

“పిల్ల యాడుందో ఆ పిల్లగాడే చూపిస్తనన్నడు. మీకు శ్రమ ఎందుకు?”

ఉషారాణి దాచుకోకుండా చెప్పేసింది. ద్వాలి చూసింది చెప్పుల్ని మాత్రమేనని, హేమ్లి పోయింది ఒంటిగంటప్పుడని, అప్పుడు తుల్సీరాం బడిలో ఉన్నాడని, కావాలంటే పిల్లల్ని అడగమని. చెబుతూ మూత చూపించింది. అక్కడే ఆమె తప్పు చేసింది. భాస్కర్ ఆ మూతను అందుకుని, అంచు మీది పేరు చదివి, జేబు రుమాలులో చుట్టి తన డ్రైవరుకు ఇచ్చేశాడు.

“సాక్ష్యం తెచ్చిచ్చిర్రు, సంతోషం,” అన్నాడు. “ఇది అడవిల దొరికిందని రాస్తం.”

ఆమెకు ఒళ్లంతా భగ్గుమంది. ఇంతసేపూ వాడు మొద్దబ్బాయని, పాత పగతో మొండికేస్తున్నాడని అనుకుంది. తెలియక చేసే తప్పు కాదని ఆ మాటతో తేలిపోయింది. చేతిలో ఉన్న ఒక్క ఆధారం పోయింది. బయట ఎండ అప్పుడే పల్చబడుతోంది. అరిచి లాభం లేదు. హేమ్లి చివరికి ఎక్కడ పని ఆపిందో ఆ సగం ఫైలు ఒకసారి వింటానని, పది నిమిషాలు చాలని మామూలు గొంతుతో అడిగింది.

“వినుర్రి,” అన్నాడు భాస్కర్. “అమెరికా డాక్టరు హంతకుని పేరు చెప్తే నాకూ చెప్పుర్రి.” టీ చెప్పి బెంచీ మీద కూర్చున్నాడు.

మూల కంప్యూటరును పోలీసులు ముట్టుకోలేదు. ఆడపిల్ల టైపు మిషను కింద లెక్కేసి వదిలేశారు. ఉషారాణి తెర వెలిగించింది. హేమ్లి ఫైలు సగంలో ఉంది, పక్కన కంపెనీ వాళ్లతో మాట్లాడుకునే చిన్న కిటికీలో ప్రమీల పేరుకు ఆకుపచ్చ చుక్క ఉంది. ఉషారాణి హెడ్‌ఫోను పెట్టుకుని ఎక్కడ నొక్కితే మాట వస్తుందో వెతికింది. బల్ల కింద కాలికి ఏదో తగిలింది. కుట్టుమిషను పెడలులాంటిది, దాని వైరు కంప్యూటరులోకి పోతోంది. కాలితో నొక్కింది. చెవుల్లో డాక్టరు గొంతు మొదలైంది, ఎవరిదో కాలి ఎముక గురించి గబగబా చెబుతున్నాడు. కాలు తీసింది. గొంతు టక్కున ఆగిపోయింది.

ఆగిపోగానే ఆమెకు వీరన్న గ్లాసులో చెంచా తిప్పడం వినిపించింది. బెంచీ మీద భాస్కర్ టీ జుర్రుకోవడం వినిపించింది. ద్వాలి ఎవరితోనో పల్లీల బేరం ఆడటం కూడా వినిపించింది. హెడ్‌ఫోను చెవుల మీద అలాగే ఉంది.

ఉషారాణి ఇంకోసారి పెడలు నొక్కి వదిలింది. ఎక్స్ఛేంజిలో ఆమె ఏళ్ల తరబడి ఇలాగే కూర్చుంది. లైను కలిపిన ఆపరేటరుకు కూడా చెవులుంటాయని మాట్లాడుకునేవాళ్లు ఎప్పుడూ అనుకోరు. ఇక్కడ మరీ అన్యాయం. నెట్ సెంటర్లో అందరికీ కనిపించేది చెవులు మూసుకుని వేళ్లు ఆడిస్తున్న పిల్ల ఒక్కతే. ఆమె వినదని వాళ్ల ధీమా. కానీ ప్రతి వాక్యానికీ ఆమె కాలెత్తుతుంది, ఎత్తిన ప్రతిసారీ ఈ నిశ్శబ్దంలో బెంచీ మీది మాట మొత్తం ఆమె చెవిన పడుతుంది. హేమ్లి ఇక్కడ కూర్చుని వినకూడనిది ఏదో వింది. ఆ బెంచీ మీద కూర్చుని ఫోన్లో మాట్లాడినవాడు ఎవడో వాడే ఆమెను ఎత్తుకుపోయాడు.

సరిగ్గా అప్పుడు బెంచీ దగ్గర ఫోను మోగింది.

ప్లైవుడ్ సందులోంచి భాస్కర్ తల ఇటు తిరగడం ఆమెకు కంటి చివర కనిపించింది. ఉషారాణి తెర మీదినుంచి చూపు తిప్పలేదు. కాలు పెడలుకు దూరంగా పెట్టి, ఏదో ఒకటి టకటకా కొట్టడం మొదలుపెట్టింది. అతను తల తిప్పేసుకున్నాడు.

“ఆఁ, చెప్పు,” అన్నాడు గొంతు కొంచెం తగ్గించి. “ఇంకా తింటలేదా? తినకుంటే మాననియ్. ఫారెస్టోళ్లకు చెప్పిన మన దొంగ టేకు లారీల సంగతి ఆమెకు ఎవడు చెప్పిండో చెప్పిందా?... నోరు తెరుస్తలేదా? గట్టిగ అడుగు. మనోళ్లల్లనే ఎవడో చెప్పిండు, వాడెవడో తెలిసేదాక పిల్ల పాణంతోని ఉండాలె. పొద్దుగూకే యాళ్లకు పిల్లగాణ్ణి తీస్కొస్త. అప్పటికి గూడ చెప్పకపోతే ఇద్దరిదీ ఒక్క కాడ్నే చేద్దాం. అందాక ఆకు గోదాములనే ఉంచు.”

హేమ్లి బతికే ఉంది. ఉషారాణికి ముందు అర్థమైంది అదొక్కటే. ఆ వెంటనే మిగతాదీ అర్థమైంది. తునికాకు సీజను అయిపోయి రెండు నెలలైంది, అడవి అంచున ఉన్న ఊళ్లన్నిటిలోనూ ఆకు గోదాములు తాళాలు వేసి ఖాళీగా పడి ఉన్నాయి. అందులో ఏది? తన సంచిలో సెల్‌ఫోను ఉంది, కానీ సిగ్నలు దొరికే బెంచీ మీద వాడే కూర్చున్నాడు.

ఆమె చూపు ప్రమీల పేరు మీద పడింది. వేళ్లు ఎలాగూ ఆడుతూనే ఉన్నాయి. ఫైలు వదిలి ఆ కిటికీలో కొట్టడం మొదలుపెట్టింది. హేమ్లి బతికే ఉందని, సీఐ మనుషులు ఏదో ఊళ్లో ఆకు గోదాములో పెట్టారని, పొద్దుగూకితే ఆమెనూ తుల్సీరాంనూ చంపేస్తారని, ఖమ్మంలో ఎస్పీకి ఈ నిమిషంలో ఫోను చెయ్యమని. ప్రమీలకు పంపి, తెర మీద తన మాటలు పైకి జరగడం చూసింది.

“వీరన్నా,” అన్నాడు భాస్కర్ అవతల, “పెద్ద ఫ్లాస్కు నిండ టీ పెట్టు. ఇప్పలచెలక కాడ మావోళ్లు మొన్నటి సంది కావలి ఉన్నరు, తీస్కపోవాలె.”

ఇప్పలచెలక. ఉషారాణి ఆ ఊరి పేరును మనసులో రెండుసార్లు అనుకుంది. వీరన్న పంపు స్టవ్వు వెలిగించాడు. ఆ హోరులో ఇంక ఏ చప్పుడూ తెలియలేదు. ఆమె ఫైలుకు తిరిగొచ్చి, అనుమానం రాకుండా నాలుగు మాటలు కొట్టి, మళ్లీ చిన్న కిటికీ తెరవబోయింది.

“మేడం,” అన్న మాట వెనక నుంచి చాలా దగ్గరగా వినిపించింది.

ఆమె తల తిప్పలేదు. వినపడనట్టే టైపు చేస్తూ పోయింది. డాక్టరు మాట వింటున్నట్టు ఒకసారి తల కూడా ఊపింది. వేళ్లు తడబడకుండా ఉన్నందుకు లోలోపల తనను తాను మెచ్చుకుంది కూడా.

భాస్కర్ చెయ్యి ఆమె కళ్ల ముందుకు వచ్చింది. రెండు వేళ్ల మధ్య నల్లటి వైరు వేలాడుతోంది, దాని చివర హెడ్‌ఫోను పిన్ను ఉంది.

“ఇది పీకి శానాసేపైంది,” అన్నాడు. “డాక్టరు ఇంకా మాట్లాడుతనే ఉన్నడా?”

ఉషారాణి చేతులు ఆగిపోయాయి. హెడ్‌ఫోను తీసి మెడలోకి దించుకుంది. భాస్కర్ ఆమె మొహం చూడటం లేదు. వంగి బల్ల కిందికి చూస్తున్నాడు. పెడలును చూశాడు, దానికి దూరంగా నేల మీదున్న ఆమె వట్టి కాలును చూశాడు. బూటు ముందుకు చాచి పెడలు ఒకసారి నొక్కి వదిలాడు. అతని పెదవి చివరి నవ్వు మెల్లగా పోయింది.

“మొన్నటి సంది ఎవడు చెప్పిండు, ఎవడు చెప్పిండు అని సంపుకు తింటున్నం,” అన్నాడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. “చెప్పింది నేనేనా?”

ఆ ఒక్క ప్రశ్నకు జవాబు దొరకలేదనే హేమ్లిని ఇంకా బతకనిచ్చారు. ఆ జవాబు ఇప్పుడు తనే వాడి చేతిలో పెట్టింది.

తెర మీద చిన్న కిటికీ వెలిగింది. ప్రమీల రాసింది. ఎస్పీ ఆఫీసు లైన్లో ఉన్నారు, ఏ ఊరి గోదాము మేడం?

ఇద్దరూ ఒకేసారి చదివారు. ఉషారాణి వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి, ఆమె ముందుగా కదిలింది. ఇప్పలచెలక అన్న పేరు పూర్తయ్యేసరికి భాస్కర్ ఆమె రెండు మణికట్లూ పట్టి పైకి లేపేశాడు. ఎముకలు విరుగుతాయేమో అనిపించింది. పేరు తెర మీద ఉంది కానీ అవతలికి పోలేదు. ఆమె మోచేత్తో మీట అందుకోబోతే అతను కుర్చీతో సహా ఆమెను వెనక్కి లాగాడు.

ఫ్లాస్కు పట్టుకుని నడవలో నిలబడ్డ వీరన్నను ఇద్దరూ మరిచిపోయారు. అతను ఫ్లాస్కు కింద పెట్టలేదు. ప్లైవుడ్ మీదుగా వంగి, ఖాళీగా ఉన్న రెండో చెయ్యి చాపి, వేలితో ఎంటర్ మీట నొక్కాడు. పేరు పైకి జరిగింది.

“నువ్వా,” అన్నాడు భాస్కర్.

వీరన్న ఒకసారి తలుపు వైపు చూశాడు. అయినా అక్కణ్నుంచి కదల్లేదు. చెప్పులు ఆరోజు తియ్యకపోతే బాగుండేదని ఏదో గొణిగాడు, అది ఉషారాణితో అన్నాడో, అక్కడ లేని హేమ్లితో అన్నాడో తెలియలేదు.

భాస్కర్ ఆమె చేతులు వదిలేశాడు. కోప్పడలేదు, ఎవర్నీ కొట్టలేదు. వాచీ చూసుకున్నాడు. ఖమ్మం నుంచి జీపు రావడానికి ఎంతసేపు పడుతుందో, ఇప్పలచెలకకు ఒక ఫోను పోవడానికి ఎంతసేపు పడుతుందో లెక్క వేసుకుంటున్నాడని ఉషారాణికి అర్థమైంది. ఆమె లేచి అతని దారికి అడ్డం నిలబడబోయింది. అతను భుజంతో ఆమెను తోసేసి, జేబులోంచి సెల్‌ఫోను తీస్తూ ముందు గదిలోకి నడిచాడు. బెంచీ మీద తన చోటుకు చేరుకుని, సిగ్నలు అందేదాకా ఫోనును అటూ ఇటూ తిప్పి, చెవికి పెట్టుకున్నాడు. ఈసారి గొంతు తగ్గించలేదు.

“ఆఁ, నేనే. ఇంక ఆమెను అడిగేదేం లేదు. పిల్లగాడు వచ్చేదాక ఆగకు.”